చచ్చిన మాటల లిస్టు

లెవిన్ అంటే మెరుపు. లెవెన్ అంటే పిండిని పులియబెట్టేది. ఆ మొదటి మాటను ఇంగ్లీషువాళ్లే ఎప్పుడో వదిలేశారు. గుడివాడలో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో నేను మాత్రం ఇలాంటి వాటికి తేడాలు చెప్పి ఎనిమిదేళ్లు బతికాను.

చూడ్డానికి ఒకేలా ఉండే ఇలాంటి జంటలు నాలుగు వందలు, పాత డిక్షనరీల్లోంచి ఏరి లిస్టు చేశాను. పిల్లల చేత ఎక్కాల్లా వల్లె వేయించేవాణ్ణి. నెలకో ఆదివారం తల్లిదండ్రులను పిలిచేవాళ్లం. నేను మాట అందిస్తే పిల్లలు టక్కున తేడా చెప్పేవారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కన్నవాళ్లు మురిసిపోయేవారు. పరీక్షలో అవి రావని నాకు తెలుసు, సెంటరు యజమానికీ తెలుసు. "రాకపోతే ఏవండీ, వినడానికి బరువుగా ఉంటాయి. అడ్మిషన్లు వాటివల్లే కదండీ" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు గుర్తొస్తే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మంగినపూడి దగ్గర పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చేది. తండ్రి సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు, తల్లి బందరులో చేపలమ్ముతుంది. ఈసారి ఉద్యోగం రాకపోతే అక్కలాగే రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్లాల్సిందేనని ఇంట్లో చెప్పేశారు. బస్సులో కూడా వల్లె వేసుకుంటూనే వచ్చేది. నాలుగు వందలూ తప్పు లేకుండా ఒప్పజెప్పింది ఆ పిల్ల ఒక్కతే. ఆదివారాల్లో ముందు ఆమెనే నిలబెట్టేవాళ్లం. ఇంగ్లీషులో ఓ పేరా ఇస్తే మాత్రం అర్థమయ్యేది కాదు. నేర్పమని ఒకసారి అడిగింది కూడా. "ముందు లిస్టు కానీ అమ్మా, అది తర్వాత చూద్దాం" అన్నాను.

ఇంగ్లీషు పేపరంతా పేరాలే వచ్చాయి. పరీక్ష పోయింది.

ఫలితాలు తెలిసిన మర్నాడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు బాగానే చెప్పారండీ, మా పిల్లే సరిగ్గా చదవలేదు" అని తల్లి చేతులు జోడించింది. "ఇంకొక్కసారి రాయిస్తామండీ. ఆర్నెల్లు ఆగమని వాళ్ల నాన్నని బతిమాలుకున్నాను."

అమ్మాయి తల దించుకునే ఉంది. "మనం చదివినవి ఒక్కటీ రాలేదు సార్. ఇంకా పాత మాటలుంటే ఇవ్వండి, అవి కూడా నేర్చేసుకుంటాను" అంది.

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. పక్క గదిలో యజమాని కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. నేను బీరువా తెరిచి, అలాంటి మాటలతోనే రాసిపెట్టుకున్న రెండో లిస్టు తీసి ఆమె చేతిలో పెట్టాను.

కళ్లకద్దుకుని తీసుకుంది.