బీట్ ఆగిన చోట

మంజులకు ఇంగ్లిష్ నేర్పింది కోచింగ్ సెంటర్ కాదు, ర్యాప్ పాటలు. ఈ మాట అశోక్‌నగర్ హాస్టల్లో ఎవరికి చెప్పినా నవ్వేవారు. ఆమె పోయిన పరీక్షలో ఏం పోగొట్టుకుందో తెలిస్తే మాత్రం అంత తేలిగ్గా నవ్వేవారు కాదు.

సిరిసిల్ల దగ్గరి పల్లె ఆమెది. చదువంతా తెలుగు మీడియం. గ్రూప్ వన్ మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్‌తో ఒక చిక్కుంది. దాని మార్కులు ర్యాంకులో కలపరు, కానీ అందులో పాస్ కాకపోతే మిగతా పేపర్లు దిద్దనే దిద్దరు. పోయినసారి మంజులకు అదే జరిగింది. చరిత్ర, ఆర్థికం, తెలంగాణ ఉద్యమం అంటూ చెయ్యి వాచేలా తెలుగులో రాసిన పేపర్లన్నీ ఎవరూ విప్పకుండానే కట్టల్లో ఉండిపోయాయి. ఫెయిలయినందుకు ఆమె ఏడవలేదు. తను రాసింది ఒక్క మనిషి కూడా చదవలేదని ఏడ్చింది.

"బాగ రాయలేదంటే ఊకుందును. చదివి చెప్పాలె గదనే అవ్వా," అంది తల్లితో ఫోన్‌లో.

"చదవనోళ్లకు ఏం తెలుస్తది బిడ్డా. మళ్ల రాయి," అంది లక్ష్మవ్వ.

మళ్లీ రాయడమంటే ముందు ఇంగ్లిష్ గండం గట్టెక్కాలి. మాటల పుస్తకం కొని బట్టీ పట్టింది. పొద్దున నేర్చిన మాట సాయంత్రానికి చేతికి చిక్కేది కాదు. అలాంటి రోజుల్లో పక్క గదిలో ఎవరో పెట్టిన ర్యాప్ వింది. అర్థం కాలేదు గానీ మాటల చివరలు ఒకేలా మోగడం పట్టుకుంది. ఫోన్‌లో పాట నడుస్తుంటే కింద సాహిత్యం కూడా వచ్చేది. ఎవిడెన్స్ వెనక రెసిడెన్స్, దాని వెనక కాన్ఫిడెన్స్, ఒకదాన్ని లాగితే మిగతావీ వచ్చేవి. ఎవిక్షన్ అనే మాట పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నిలవలేదు. ఒక పాటలో కిరాయి కట్టలేని తల్లి సామాన్లన్నీ రోడ్డు మీద పడేసిన సంగతి విన్నాక ఇక మరచిపోలేదు. బూతులు కూడా దండిగా నేర్చుకుంది. అవి పరీక్షకు పనికిరావని ఆమెకెవరూ చెప్పనక్కర్లేదు.

అయితే మాటలతో పాటు ఒక అలవాటూ అంటుకుంది. కుడిచేత్తో రాస్తుంటే ఎడమచేయి బల్ల మీద దరువేసేది. చిక్కడపల్లి లైబ్రరీలో పక్క కుర్చీలో కూర్చునే రమాకాంత్ కూడా గ్రూప్ వన్‌కే చదువుతున్నాడు. మొదట్లో సైగ చేసి చూశాడు, తర్వాత నోరు విప్పాడు.

"చదువుకుంటున్నవా, పెండ్లి బరాత్‌కు వచ్చినవా?"

మంజుల సిగ్గుపడి చేయి తీసేది. నాలుగు నిమిషాలకు ఆ చేయి మళ్లీ మొదలుపెట్టేది.

పరీక్ష నెల రోజులుందనగా మాక్ టెస్ట్ రాసింది. ఇచ్చిన పాఠాన్ని కుదించి రాసే ప్రెసీ సగానికి వచ్చింది, మాటలు చకచకా పడుతున్నాయి. ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చి ఆమె ఎడమచేతిని నొక్కిపట్టింది. "చప్పుడు చెయ్యకండి, అందరికీ డిస్టర్బెన్స్," అంది. దరువు ఆగింది. దాంతోపాటు మాటలూ ఆగిపోయాయి. నిన్నటిదాకా నాలుక మీద ఆడిన కాన్సిక్వెన్స్ అనే మాట ఎంత తన్నుకున్నా రాలేదు. మిగిలిన సగం తెల్లగానే ఇచ్చి వచ్చింది. అసలు పరీక్షలోనూ ఇదే జరుగుతుందని, తన పేపర్లు మళ్లీ కట్టల్లోనే కుళ్లుతాయని ఆమెకు భయం పట్టుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని ముద్ద ముట్టకుండా లేచింది.

మర్నాడు ఇయర్‌ఫోన్స్ పాడైతే నారాయణగూడ చౌరస్తాలో ఫోన్ సామాన్ల దుకాణానికి వెళ్లింది. అక్కడ పనిచేసే బబ్లూది పాలమూరు నుంచి కూలికి వచ్చిన కుటుంబం. తండ్రి మాసయ్య స్లాబ్ పనికి పోతాడు. కొత్తవి పని చేస్తున్నాయా అని ఆమె ఫోన్‌కు తగిలించి చెవిలో పెట్టుకున్న బబ్లూ ఆమె వింటున్న పాట విని కనుబొమలెగరేశాడు.

"అక్కా, ఇది నువ్వు వింటవా? మేం ఆదివారం లోయర్ ట్యాంక్ బండ్ కాడ సైఫర్ పెడతం. రా ఒకపాలి."

సైఫర్ అంటే కుర్రాళ్లు గుండ్రంగా నిలబడతారు. ఒకడు నోటితో బీట్ కొడితే, ఒక్కొక్కరు మధ్యలోకి వచ్చి దాని మీద అప్పటికప్పుడు మాట కట్టాలి. ఆ ఆదివారం మంజుల వెళ్లింది, చున్నీ బిగించుకుని అంచునే నిలబడింది. తన భయం బబ్లూకు చెప్పింది. "నాకు చేయి కొట్టకుంటే మాట వస్తలేదు తమ్మీ. పరీక్షల కొట్టనియ్యరు."

"మా దగ్గర ఒక కాయిదా ఉంది," అన్నాడు బబ్లూ. "మధ్యల బీట్ కొట్టేటోడు ఆపేస్తడు. నువ్వు ఆపొద్దు. మల్ల ఆడు ఎత్తుకున్నప్పుడు నీ మాట సక్కగ బీట్ మీద పడాలె. పడకుంటే బయటికి పోవుడే."

మంజుల నేర్చిన ఇంగ్లిష్ మాటలు మొదలుపెట్టింది. బబ్లూ బీట్ ఆపాడు. ఆమె నోరూ ఆగింది. చుట్టూ అందరూ చూస్తున్నారు, ఎవరూ నవ్వలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. బయటికి వచ్చేసింది.

మరుసటి ఆదివారం రెండు మాటలు నిలబడింది. హాస్టల్ మెట్ల మీద, లైబ్రరీకి పోయే దారిలో, ఎడమచేతిని నడుముకు ఆనించి పెట్టి అదే సాధన. ఒక్కోసారి మాటలు గుంపుగా వచ్చేవి, ఒక్కోసారి ఒక్కటీ వచ్చేది కాదు. ఇది పిచ్చిపని అని తన మీద తనకే కోపం వచ్చేది. పరీక్షకు ముందు చివరి ఆదివారం ఆమె మధ్యలో నిలబడి మాట కడుతుంటే బబ్లూ బీట్ ఆపాడు. ఆమె సాగింది. ఇంకా సాగింది. బబ్లూ మళ్లీ ఎత్తుకోలేదు.

"ఏంది, ఎత్తుకోవా?" అని కసిరింది.

"పరీక్ష అయినంక ఎత్తుకుంట. అందాక నువ్వు ఆపకు అక్కా."

ఇంగ్లిష్ పరీక్ష రోజు వచ్చింది. ప్రెసీ మొదలుపెట్టగానే ఎడమచేయి తన పని తను చేసుకుపోయింది. "ఎవరా చప్పుడు?" అని ఇన్విజిలేటర్ గొంతు వినపడింది. మంజుల ఆ చేతిని తొడ కింద పెట్టి గట్టిగా నొక్కింది. హాలంతా నిశ్శబ్దం. ఒక వాక్యం ఖాళీ. రెండో వాక్యం ఖాళీ. పక్కమ్మాయి కాగితం తిప్పుతోంది. సగం తెల్లగా ఇచ్చి వచ్చిన మాక్ టెస్ట్ కళ్లముందు ఆడింది. అప్పుడు బబ్లూ బీట్ ఎత్తుకోని ఆ ఆదివారం గుర్తొచ్చింది. అది ఇంకా నడుస్తూనే ఉందనుకుంది. ఏ మాట వస్తే ఆ మాట పెట్టింది, దాని చుట్టం వచ్చింది, దాని వెనక ఇంకొకటి. కాన్సిక్వెన్స్ కూడా వచ్చింది. చేయి తొడ కిందే తిమ్మిరెక్కిపోయింది.

బయట గేటు ముందు బండి మీద కూర్చుని ఉన్నాడు బబ్లూ. ఎట్లా రాశావని అడగలేదు. పిడికిలి నోటికి ఆనించి బీట్ ఎత్తుకున్నాడు. గేటు దగ్గరి పోలీసాయన చూస్తున్నాడు, రమాకాంత్ చూస్తున్నాడు, మంజుల ఎవరినీ చూడలేదు. ఆమె మొదటి మాట సరిగ్గా బీట్ మీద పడింది.

ఫలితాలు వచ్చాయి. ఉద్యోగం కొద్దిలో తప్పిపోయింది. ఆ బాధ బాధే. కానీ ఈసారి ప్రతి పేపర్ పక్కన మార్కులున్నాయి. మంజుల వాటిని మళ్లీ మళ్లీ చూసి ఇంటికి ఫోన్ చేసింది.

"అవ్వా, కొలువు రాలే. కానీ నేను రాసినయన్ని చదివిండ్రు."

"ఎవలు చదివిండ్రో వాళ్ల కడుపు సల్లగుండ," అంది లక్ష్మవ్వ. "మళ్ల రాయి బిడ్డా."