తెరమీది కుక్క బ్రతికే ఉన్నది

నాది రాత్రిబడిలో నేర్చిన తెలుగు. ఇందలి లోపాలను పఠన మందిర సభ్యులు మన్నించగోరుతున్నాను. విషయం నేడే అందరికీ తెలియవలసినది కనుక ఈ గోడకు అంటిస్తున్నాను.

మన పాతపట్నం డేరాలో ఆడుతున్న సినిమాలోని నల్లకుక్కను ఎరుగనివారు లేరు. వీధిలో పుట్టిన ప్రతి కుక్కపిల్లకూ దాని పేరే పెడుతున్నారు. నిన్న మొదటి ఆటలో అది పాముకాటుకు ఒరిగిపోగానే మా అమ్మ లేచి వచ్చేసింది. చావు చూసిన మనిషి స్నానం చేయక గడప దాటరాదని నూతి దగ్గర తలకు పోసుకున్నది. అప్పటినుండి మెతుకు ముట్టలేదు. నా హితబోధ ఆమె చెవికెక్కలేదు.

సినిమాల జోలికి పోని నేను నేడు పగటి ఆటకు వెళ్ళి నేలమీద కూర్చున్నాను. విశ్రాంతి తరువాత కుక్క లేచింది. నేను కూడా చప్పట్లు కొట్టాను. పరుగున ఇంటికి వచ్చి చెప్పాను.

"నీ కళ్ళతో సూసినావేటిరా?"

"సూసినానమ్మా. తోక కూడా ఊపినాది."

"ముసిల్దాన్నని అబద్దమాడకు. దానికేటైనా తిండి పెట్టినారా?"

"పాలు పోసినారమ్మా."

"అయితే నాకూ ఇంత అంబలి పొయ్యమను కోడల్ని."

ఆమె తాగుతుంటే నా ప్రాణం కుదుటపడింది. నవ్వదలచినవారు నవ్వవచ్చు. మీ ఇళ్ళలో ఎవరూ మధ్యలో లేచి రాలేదా, చెప్పండి.

ఏటి అవతలికి వెళ్ళేవారు దీనిని వడ్రంగి అప్పన్నకు వెంటనే చదివి వినిపించండి. వారి తల్లి కూడా మా అమ్మతోపాటే లేచి వచ్చింది. ఆమె ఇంకా తిని ఉండదు.