కడగని బండికి పూజ

నిన్న సాయంత్రం మాంగో వంతెన దాటి ఆటోలో ఇంటికి వస్తుంటే థిన్నర్ వాసన గుప్పుమంది. రోడ్డు పక్క గ్యారేజీలన్నిటిలో బళ్ళకు రంగులు పడుతున్నాయి, పైపులతో చక్రాలు కడుగుతున్నారు. తడి మట్టి, కొత్త రంగు, ఎవరో తొందరపడి ముందే వెలిగించేసిన అగరొత్తి కలిసిన ఆ వాసన ఏమిటో జంషెడ్‌పూర్‌లో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. విశ్వకర్మ పూజ వచ్చేసిందన్నమాట. ఆ రోజు ఈ ఊళ్ళో సుత్తి, స్పానరు, లారీ, రిక్షా, ఆఖరికి ఇంట్లో కుట్టుమిషను కూడా తలంటుకుని బొట్టు పెట్టుకుంటాయి. పనిముట్టును మురికిగా ఉంచినవాడికి ఏడాదంతా పని కలిసిరాదని మా బర్మామైన్స్ పేట పెద్దవాళ్ళ గట్టి నమ్మకం. అందరికీ అది పండగ వాసన. నాకు మాత్రం ఆ వాసన తగలగానే పైడితల్లి మేడమ్ గుర్తొస్తారు. ఈ మాట ఆవిడ వింటే, "ఏటే, నాను థిన్నర్ కంపు కొడతన్నానేటి?" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసి ఉండేవారు.

మేడమ్ మా కోర్టులో వకీలు. రోడ్డు ప్రమాదాల కేసులు తప్ప ఇంకోటి ముట్టుకునేవారు కాదు. వాళ్ళ నాన్నగారు పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉక్కు పనిలో చేరిన మనిషి. మేడమ్ పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే అయినా, తెలుగువాళ్ళు కనబడితే చాలు, నోట్లోంచి శ్రీకాకుళం ఊడిపడేది. హిందీవాళ్ళకు పైడితల్లి అన్న పేరు నోరు తిరగక 'తల్లీజీ' అనేవారు. మనిషి పొట్టి. నూలు చీర మీద పాత నల్లకోటు. గొంతు మాత్రం కోర్టు ఆవరణలో ఈ చివర మాట్లాడితే ఆ చివర టీకొట్టు దాకా వినిపించేది. చదువు ముగించి ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరినప్పుడు, పెద్ద పెద్ద సెక్షన్లు నేర్పిస్తారని కొత్త పుస్తకాలు పట్టుకుని వెళ్ళాను.

మొదటి రోజే ఒక పాఠం జరిగింది. బల్ల మీద నిండు గ్లాసు టీ ఉంది. మేడమ్ నాతో మాట్లాడుతూనే మోచేత్తో దాన్ని ఒక్క తోపు తోశారు. టీ అంతా బల్ల మీద పారింది. నేను గాభరాగా గుడ్డ అందుకున్నాను.

"తుడవకే!" అని నా చెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడు సెప్పు. గలాసుని ఎవులు తోసేరు?"

"మీరే కదా మేడమ్."

"నాను తొయ్యనేదంతాను. అప్పుడేటి సేత్తావు?"

టీ పారిన దారి చూశాను. గ్లాసు ఎటు తిరిగి పడిందో చూశాను. "టీ మీ వైపు నుంచి నా వైపుకి పారింది మేడమ్. అటు నుంచి తోస్తేనే ఇలా పారుతుంది."

"అదిగో. నువ్వు తుడిసేసుంటే టీకి నోరుండునా? మనోలకి శుభ్రం ఎక్కువ, సిగ్గు ఎక్కువ. దెబ్బ తగిలితే సాలు, నలుగురూ సూత్తారని కడిగెత్తారు, సద్దెత్తారు, కప్పెత్తారు. ఆనక నా కాడికొచ్చి న్యాయం కావాలంతారు. నాను ఏటి సూపించి అడగను?"

ఆ తరువాత బల్ల నాచేతే తుడిపించారు, అది వేరే సంగతి. ఆవిడ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ పాఠాన్నే తిరగేసి మరగేసి నేర్చుకున్నాను.

అది మా ఇంటి గుమ్మంలోకే వస్తుందని అప్పుడు అనుకోలేదు. మా తమ్ముడు సూరి టాక్సీ నడుపుతాడు. నాన్న రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాక కొనిచ్చిన కారు అది. నాకింకా సంపాదన రాని రోజులు, అమ్మకు ఒంట్లో బాగుండని రోజులు. మా ఇంట్లో అన్నం ఆ నాలుగు చక్రాల మీదే వచ్చేది. విశ్వకర్మ పూజ ముందురోజు మధ్యాహ్నం నేనూ మేడమూ కోర్టు మెట్ల మీద ఉండగా సూరి ఫోన్ చేశాడు. మేము తెలుగులో అడిగితే వాడు హిందీలో చెప్పే రకం. ఆ రోజు వాడి హిందీ కూడా సగం సగమే వచ్చింది. "దీదీ, గాడీ గయీ..." అంటున్నాడు, బండి పోయిందని. గోవింద్‌పూర్ దగ్గర పక్కసందులోంచి దూసుకొచ్చిన తెల్ల కారు తన కారు ఎడమవైపు గుద్దిందట. తన కారు వెళ్ళి స్తంభానికి కొట్టుకుందట. కుడిచెయ్యి లేవడం లేదట.

మేడమ్ ఫోన్ లాక్కున్నారు.

"సూరీ, నాను. ముందు నువ్వెలాగున్నావు? తల తిరగతందా? అవతల కారులో ఎవులికైనా దెబ్బలా?" అవతలివాళ్ళకేం కాలేదని తెలిశాకే రెండో మాట. "ఇనుకో. తప్పు నీదనీ అనకు, ఆడిదనీ అనకు. అరిసినోడితో అరవకు. పోలీసులకి ఫోన్ సేయించు. బండి కదపకముందు ఎవుల సేతనైనా ఫోటోలు తీయించు, రెండు బళ్ళూ, ఆ సందు మూలా పడేటట్టు. వత్తన్నాం."

మేము వెళ్ళేసరికి తెల్ల కారు నడిపిన మనిషి రోడ్డు మధ్య నిలబడి, వీడే ఓవర్‌టేక్ చేస్తూ వచ్చి నన్ను గుద్దాడని ఊరంతా వినేలా చెబుతున్నాడు. మేడమ్ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. అతని బండి నంబరు, ఇన్సూరెన్స్ వివరాలు ఫోటో తీయమని నాకు సైగ చేసి, సందు మొదట్లో టీకొట్టు నడిపే ఆవిడ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ అంతా చూసింది, కానీ మనకెందుకని భయపడుతోంది. మేడమ్ ఆవిడతో హిందీలో, నాకేం చెప్పొద్దు, పోలీసులు వచ్చాక నువ్వు చూసింది చూసినట్టు చెప్పు, చూడనిది ఒక్క ముక్క కలపకు అన్నారు. పోలీసులు వచ్చి అన్నీ రాసుకున్నారు. రోడ్డు మీద నుంచే మేడమ్ ఇన్సూరెన్స్ కంపెనీకి కబురు పెట్టించారు. మా నాన్న ఫోన్లో, మన వీధిలో కట్టు కట్టే ఆయన ఉన్నాడు, సూరిని అక్కడికి తెచ్చేయండంటే, "కట్టు తరవాత అన్నయ్యా, ముందు ఆస్పత్రి. ఎముక సంగతీ తేలాల, దెబ్బ ఎలా తగిలిందో డాక్టరు రాయాల" అని మేడమ్ తేల్చేశారు. సూరికి మణికట్టు పైన ఎముక విరిగింది.

పోలీసులు తమ దగ్గర చోటు లేదని, బండిని ఇంటి దగ్గరే ఉంచి పిలిచినప్పుడు చూపించమన్నారు. దాన్ని లాగించుకొచ్చి మా గుమ్మం ముందు పెట్టాం. బండి చూసి నష్టం లెక్కకట్టే ఇన్సూరెన్స్ సర్వేయరు పూజ సెలవయ్యాక గాని రాలేనన్నాడు. అసలు రగడ అక్కడ మొదలైంది. రేపు పూజ. ముక్కు పచ్చడై, ఎడమ తలుపు లోపలికి పోయి, ఒళ్ళంతా బురదతో బండి. వీధిలో మిగతా బళ్ళన్నీ పెళ్ళికొడుకుల్లా తయారవుతున్నాయి. పక్కసందులో బళ్ళ సొట్టలు తీసే డెంటింగ్ పని చేసే బిషు కాకా, నాన్నకు పాత స్నేహితుడు, పుట్టీ డబ్బా, సుత్తి పట్టుకుని తనంతట తనే వచ్చేశాడు. పొద్దుటికల్లా తలుపు సాపు చేసి రంగు కొట్టేస్తానని, స్నేహితుడి ఇంట్లో పూజ ఆగకూడదని అతని పంతం. నాన్న అప్పటికే బకెట్టు నింపారు.

నేను బండికి అడ్డంగా నిలబడ్డాను. "ముట్టుకోవద్దు నాన్నా. సర్వేయరు చూడాలి."

"కోర్టులో నువ్వు లాయరమ్మవి. ఇక్కడ నాను పనోడ్ని. విశ్వకర్మ పూజ నాడు మురికి బండి గుమ్మంలో ఎట్టుకుంతే ఆ బండి మళ్ళీ తిరగతాదేటి?" అన్నారు నాన్న. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాను. ఆయనది మొండితనం కాదు, భయం. బండి తిరగకపోతే ఇల్లు గడవదని ఆయనకూ తెలుసు. ఆయనకు తెలిసిన దారిలో ఆయన దాన్ని కాపాడుకుంటున్నారు. కన్నతండ్రితో వాదించే సెక్షను ఏ పుస్తకంలోనూ లేదు. మేడమ్‌కి ఫోన్ చేశాను.

దీపాలు పెట్టే వేళకు ఆవిడ మా సందులో దిగారు. సరిగ్గా అప్పుడే తెల్ల కారు యజమాని తరఫున తెలుగు పెద్దమనిషి అప్పారావు గారు కూడా రాజీ కాగితం పట్టుకుని వచ్చారు. ఆ యజమాని గోవింద్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాడేనట. "ఇద్దరూ మనోలే కదమ్మా. పోలీసులు, కోర్టులు ఎందుకు? ఇక ఏ గొడవా నేదని సూరి సంతకం ఎట్టెత్తే, ఆలు తోసినంత ఇత్తారు" అన్నారు ఆయన.

"మనోలే బాబూ. అందుకే మంచినీళ్ళు తాగి ఎల్లండి. మనోడైతే పోలీసుల కాడ కూడా నిజమే సెప్పమనండి. ఇరిగిన సెయ్యి ఎంతకి అతుక్కుంతాదో డాక్టరే సెప్పనేదు, ఇప్పుడే గొడవ నేదని సూరి ఎలాగ రాసీగలడు?" అన్నారు మేడమ్. అప్పారావు గారు మంచినీళ్ళు తాగి, కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

అప్పుడు నాన్న వైపు తిరిగారు. నేను చట్టం చెబుతారనుకున్నాను. ఆవిడ అరుగు మీద కూర్చుని, "అన్నయ్యా, విశ్వకర్మ ఎవులు?" అన్నారు.

"పనోలందరికీ పెద్ద మేస్త్రీ" అన్నారు నాన్న, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"మీ మిల్లులో రోలరు పగిలితే మేస్త్రీకి ఎలాగ సూపించీవోడివి? రంగేసా?"

"రంగేత్తే పగులెక్కడుందో ఆడికి ఎలా తెలుత్తాది? పగిలింది పగిలినట్టే సూపించాల" అనేసి నాన్న ఆగిపోయారు. చేతిలో తడిగుడ్డ వంక చూసుకున్నారు. బండి వంక చూశారు.

"మరి ఆ పెద్ద మేస్త్రీకాడ దాత్తావేటి?" అన్నారు మేడమ్, మెల్లగా. ఆవిడ అంత మెల్లగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. నాన్న బకెట్టు నీళ్ళు తీసుకెళ్ళి పెరటి మొక్కలకు పోశారు. బిషు కాకా సుత్తి సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు మా వీధి చూడాలి. తళతళలాడే బళ్ళ నడుమ మాది ఒక్కటే, పగిలిన ముక్కుతో, ఎండిన బురదతో. నాన్న కుడివైపు అద్దానికి బంతిపూల దండ వేశారు. ఎడమ తలుపు జోలికి పోలేదు. కొబ్బరికాయ బండికి దూరంగా రాతి మీద కొట్టారు. వచ్చేపోయేవాళ్ళు ముసిముసిగా నవ్వుతుంటే ఆయన రొమ్ము విరుచుకుని నిలబడి, "మేస్త్రీకి సూపిత్తన్నాను" అని జవాబు చెప్పారు. మేడమ్ లడ్డూల పొట్లంతో వచ్చి ఆయన పక్కనే నిలబడ్డారు. ఆ ఇద్దరినీ చూస్తుంటే నాకు కలిగిన గర్వం, ఆ తరువాత ఏ కేసు గెలిచినా కలగలేదు.

సెలవయ్యాక సర్వేయరు వచ్చాడు. అతనితోపాటు ప్రమాదాల బళ్ళు పరీక్షించే అధికారీ వచ్చాడు. లోపలికి పోయిన తలుపు మడతలో తెల్ల కారు హెడ్‌లైటు గాజు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. కింద తెల్ల రంగు చార ఒకటి, పక్కనుంచి లోపలికి గీసుకుపోయి. సూరి వెళ్ళి గుద్ది ఉంటే దెబ్బ తెల్ల కారు పక్కన పడాలి గాని, దాని హెడ్‌లైటు వచ్చి సూరి తలుపులో ఎలా ఇరుక్కుంటుందని అధికారి తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. బిషు కాకా సుత్తి ఒక్క పూట పనిచేసి ఉంటే ఆ గాజు ముక్కలు మా వీధి చెత్తలో కలిసిపోయేవి. అంతా బాగుందనుకుంటుండగా సూరి నా చెవిలో, వెనక బంపరు మీద పాత సొట్ట కూడా ఇందులోనే చూపించేద్దాం దీదీ అని హిందీలో గొణిగాడు. మేడమ్ చెవులకు అది చేరనే చేరింది.

"నీ తలుపు నిజం సెప్తంది. దాని పక్కనే బంపరు సేత అబద్ధం ఆడిత్తే, తలుపు మాట కూడా ఎవులూ నమ్మరు. పాతది పాతదని నువ్వే సెప్పు" అన్నారు. సూరి తలొంచుకుని చెప్పాడు. సర్వేయరు ఆ తరువాత మా మాట దేన్నీ రెండోసారి అడగలేదు. టీకొట్టు ఆవిడ చూసింది చూసినట్టే చెప్పింది. క్లెయిము నిలబడింది, బండి మరమ్మతై రోడ్డెక్కింది. చేతి దెబ్బ కేసు ట్రిబ్యునల్‌లో చాలాకాలం నడిచినా, అదీ మా వైపే తేలింది.

ఇప్పుడు నా దగ్గరా జూనియర్లున్నారు. చేరిన రోజున వాళ్ళ ముందు టీ ఒలకబోస్తాను. పిచ్చిది అనుకుంటారు, అనుకోనీ. రోడ్డు మీద నుంచి ఎవరు ఏడుస్తూ ఫోన్ చేసినా, బండి సంగతి అడిగే ముందు మనిషి సంగతే అడుగుతాను. అలా అడిగేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా, కాస్త శ్రీకాకుళంగా వినబడుతుంది.

పోయిన చలికాలంలో మేడమ్ వెళ్ళిపోయారు. ఇవాళ పూజ అయింది. ఏటా వచ్చే ఆవిడ లడ్డూల పొట్లం లేని మొదటి పూజ. సూరి బండి పాతబడింది, అయినా తలంటుకుని మెరుస్తోంది. ఆనాడు మరమ్మతు చేయించినప్పుడు నాన్న బిషు కాకాతో చెప్పి, ఎడమ తలుపు అడుగున తెల్ల చారను వేలెడంత రంగు వేయకుండా వదిలేయించారు. నాన్నకు ఇప్పుడు చూపు ఆనదు. పొద్దున వంగి, తలుపు అడుగంతా వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి, ఆ చార దొరికాక, మొదటి బొట్టు దాని మీదే పెట్టారు.

మా పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగిన తెలుగాయన అది చూసి, "బాబూ, అక్కడ రంగు పోయినట్టుంది. పూజకి ముందే ఏయించీకపోయేరా?" అన్నాడు.

నాన్న నడుం నిలబెట్టుకుని, "పోయింది కాదు బాబూ. ఉంచుకున్నది" అన్నారు.