లైట్లకు పెట్టిన బొట్టు

మా ఆయన చూపు పోతోందని నాకంటే ముందు ఆయన నడిపే కారుకి తెలుసు. నాకు తెలిసేసరికి రెండేళ్ళు ఆలస్యమైంది. ఆ రెండేళ్ళూ నేను చేసిన పని ఒక్కటే, ఆయన్ని దెప్పడం.

డెబ్భైల చివర్లో అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా వీధి దాటితే అటూ ఇటూ పత్తిచేలే, రోడ్డు మీద దీపమన్నది ఉండేది కాదు. కారు లేకపోతే ఆఫీసూ లేదు, అన్నమూ లేదు. మా ఆయన అందరిలా కొత్త కారు కొనకుండా, నాకంటే రెండేళ్ళే చిన్నదైన ఓ పాత ఇంగ్లీషు కారు కొన్నారు. ముందు రెండు గుండ్రటి లైట్లతో అదెప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండేది.

కొన్న ఏడాదికి ఆ లైట్లు పీకేసి, ఫ్రాన్స్ నుంచి పోస్టులో హాలోజన్ లైట్లు తెప్పించారు. అమెరికా రోడ్ల మీద అప్పట్లో వాటికి అనుమతి లేదు. పాత వైర్లు అంత కరెంటుకు తట్టుకోవని శనాదివారాలు కూర్చుని కొత్త వైర్లు లాగారు. ఆర్నెల్లకి వంద వాట్ల బల్బులు వచ్చాయి. ఆపైన బంపర్ మీద మరో రెండు లైట్లు. ఎదురొచ్చేవాళ్ళు హారన్లు కొట్టి తిట్టేవారు. పోలీసులు రెండుసార్లు ఆపారు.

"ఏమండీ, ఇది కారా, సినిమా హాలా?" అనేదాన్ని.

"నీకు తెలీదులే. రోడ్ క్లియర్‌గా కనపడాలి కదా," అనేవారు.

ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఎందుకు కనపడట్లేదని ఒక్కసారైనా అడగలేదు. పైగా ముసలి కారుకి ముస్తాబెక్కువని నలుగురిలో నవ్వించాను కూడా.

ఆ ఏడు దసరాకి గరాజ్‌లోనే ఆయుధపూజ పెట్టుకున్నాం. "లైట్లకి మాత్రం బొట్టు పెట్టకు, వేడికి గాజు పగులుతుంది. బానెట్ మీద పెట్టు," అని ముందే చెప్పారు. వద్దంటే చేసే రకాన్ని నేను. ఆయన కొబ్బరికాయ కోసం లోపలికెళ్ళగానే రెండు పెద్ద లైట్లకూ అరచేయంత మేర పసుపు మెత్తి, మధ్యలో రూపాయంత కుంకుమ పెట్టాను. ఆయన గొడవ పడతారని, పడాలని. ఆ లైట్ల మీదున్న శ్రద్ధ నా మీద లేదని నా ఉక్రోషం. కనీసం కోపమైనా దక్కుతుందనుకున్నాను.

ఆయన వచ్చి కాయ కొట్టారు. హారతిచ్చారు. లైట్లు వేసి, ముందుకొచ్చి, వంగి చాలాసేపు చూశారు. నేను నోటికి పదును పెట్టుకుని నిలబడ్డాను.

"డల్‌గా ఉన్నాయే. ఇంకాస్త పవర్ ఉన్న బల్బులు ఆర్డర్ చేయాలి," అన్నారు.

పసుపు ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉంది. అక్కడే నిలబడి భోరుమన్నాను.

డాక్టరు గ్లాకోమా, అంటే నీటికాసులన్నాడు. కంటి నరం సగానికి పైగా చచ్చిపోయిందట, పోయిన చూపు మళ్ళీ రాదట. రెండేళ్ళ ముందే వచ్చుంటే చుక్కల మందుతో ఆపేవాణ్ణన్నాడు. అంటే మొదటి లైట్లు పోస్టులో వచ్చిన నాటికి. ఇంటికొచ్చే దారిలో, "చెబితే డ్రైవింగ్ మానిపిస్తావని భయమేసింది," అన్నారాయన. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. ఆ రోజు నుంచి కారు నేనే నడిపాను, ఆ లైట్లు మాత్రం తీయించలేకపోయాను.

ఎనభైల మధ్యలో ఒక మధ్యాహ్నం గరాజ్‌లో కారు తుడుస్తున్నాను. ఆయన గోడ పట్టుకుని వచ్చి కారుకి ఎదురుగా నిలబడ్డారు.

"ఒకసారి లైట్స్ ఆన్ చెయ్యి," అన్నారు.

వేశాను. నాలుగూ వేశాను. ఆయన రెప్ప వాల్చలేదు.

"వేశావా?"

ఇన్నేళ్ళూ ఆయన్ని దెప్పిన నోటితోనే, "బ్యాటరీ డౌన్ అయినట్టుందండీ, వెలగట్లేదు," అన్నాను.

ఆయన తడుముకుంటూ ముందుకొచ్చి, లైటు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచారు.

"వేడిగా ఉందే," అన్నారు.