వెనక సీటు దాకా నడిచే మార్లిస్

మా ఊళ్ళో స్కూలు బస్సు నడిపేవాళ్ళు నలుగురు. సాయంత్రం ఆఖరి పిల్లాణ్ణి దింపి బస్సు షెడ్డుకి తెచ్చాక, నలుగురూ బస్సు చివరిదాకా నడిచి అక్కడున్న మీట నొక్కాలి. నొక్కకపోతే హారన్ మోగుతూనే ఉంటుంది. ఏ సీట్లోనూ ఎవరూ నిద్రపోయి ఉండిపోలేదని చూడడానికి పెట్టిన ఏర్పాటది. ముగ్గురు గబగబా పోయి నొక్కేసి వచ్చేస్తారు. మార్లిస్ కెటర్‌మన్ మాత్రం ప్రతి సీటు దగ్గరా ఆగుతుంది. వంగి కిందికి చూస్తుంది. సీటు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఉంచుతుంది, ఇంకా వెచ్చగా ఉందేమోనన్నట్టు.

పదకొండేళ్ళప్పుడు ఒకరోజు ఇంటికి పోబుద్ధికాక చివరి సీటు కింద దాక్కున్నాను. ఆమె బూట్లు ఒక్కో సీటు దగ్గరా ఆగుతూ నావైపు వచ్చాయి. "లెటీ, నిన్నొదిలేసి పోతాననుకున్నావా?" అంది. తిట్టలేదు. పదో క్లాసుతో చదువు మానేశాక ఆ షెడ్డులోనే బస్సులు ఊడ్చే పనికి చేరాను. కాబట్టి ఆ నడక రోజూ చూస్తాను.

"ఏం మార్లిస్, ఇవాళేమైనా దయ్యాలెక్కాయా?" అనేవాడు మెకానిక్ డెల్బర్ట్.

"ఎక్కితే బుద్ధిగా కూర్చుంటాయిలే. నీకంటే నయం."

దయ్యం ఆమె సొంత బండిలో ఉందని పిల్లలు చెప్పుకునేవారు. ఆ బండి వెనక సీట్లో పసిపిల్లల సీటొకటి ఆరేళ్ళుగా బిగించే ఉంది, ఖాళీగా. అది లేకుండా మా ఆసుపత్రిలో పుట్టిన బిడ్డని గుమ్మం దాటనివ్వరు. దత్తత బిడ్డని తెచ్చుకోడానికి మార్లిస్ ఆ సీటుతో రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళింది, రెండుసార్లూ ఖాళీ సీటుతోనే తిరిగొచ్చింది.

మా రాష్ట్రంలో బిడ్డ పుట్టి మూడు రోజులు నిండేదాకా దత్తత కాగితం మీద కన్నతల్లి సంతకం పెట్టడానికి లేదు. మొదటిసారి చర్చి ఆడవాళ్ళు ముందే వేడుక చేసి, కేకు మీద లెనోరా అని పేరు కూడా రాయించారు. రెండో రోజున ఆ తల్లి బిడ్డని ఇవ్వలేనంది. రెండోసారి తల్లి మనసు మారలేదు. కానీ మూడో రోజు మధ్యాహ్నం, ఎవరూ లెక్కలోకి తీసుకోని బిడ్డ తండ్రి వాళ్ళమ్మ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో తను తెచ్చుకున్న సీటు.

తర్వాత మార్లిస్ భర్త రాయిస్ ఆ ఖాళీ సీటు తీసి కొట్టంలో పెట్టాడు. మర్నాటికి మళ్ళీ బండిలో ఉంది. నేనొకసారి ఆ బండెక్కాను. ఉడుత అడ్డమొచ్చి బ్రేకు వేసినప్పుడు ఆమె కుడిచెయ్యి నావైపు రాలేదు. వెనక్కి, ఆ సీటు వైపు వెళ్ళింది.

ఈ మూడోసారి బిడ్డ మా అక్క కార్లిస్‌ది.

అక్కకి ఇరవై రెండు. వృద్ధాశ్రమంలో పని. దత్తత సంస్థవాళ్ళు చూపించిన, బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళ ఫొటోల పుస్తకంలో పసుపు బస్సు పక్కన నిలబడ్డ మనిషిని చూసి, "ఇదిగో, మన బస్సావిడే!" అని నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. కాగితంలో తండ్రి పేరు ఉండాల్సిన చోట 'తెలియదు' అని రాసింది. నాకు తెలుసు. కోల్టన్ యోకమ్. నది మీద సరుకు పడవల్లో పని, నెల పడవలో, నెల ఒడ్డున. "నోరెత్తావంటే చూడు. వాళ్ళమ్మకి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే" అంది అక్క. నేను మామూలుగానే నోరెత్తను.

మార్లిస్ ఈసారి గదికి రంగు వెయ్యలేదు. ఊయల కొనలేదు. పేరు అనుకుందో లేదో ఎవరికీ చెప్పలేదు. అక్కకి మాత్రం, "ఏ నిమిషానైనా వద్దనుకో. నాతో నేరుగా చెప్పు, అంతే" అంది. సెప్టెంబరులో ఒక సాయంత్రం నేను బస్సు ఊడుస్తుంటే ఆమె చివరిదాకా నడిచింది. మీట నొక్కింది. కానీ దిగలేదు, చివరి సీట్లో కూర్చుంది.

"తండ్రి పేరు అడగను లెటీ. అది మీ అక్క చెప్పాల్సింది. ఒక్కటే చెప్పు. మూడో రోజు తలుపు తోసుకుని వచ్చే మనిషి ఎవరైనా ఉన్నారా?"

చీపురు ఆగిపోయింది. ఆమె అరచెయ్యి పక్క సీటు మీద ఆనించి ఉంది. ఆ చెయ్యి అలా ఉండగా అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు.

"ఉన్నారు" అన్నాను.

అలా అన్నానని ఆ రాత్రే అక్కకి చెప్పేశాను. రెండు రోజులు నన్ను పలకరించలేదు. మూడో రోజు, "నోరు పెగలదు, నోరు పెగలదు అంటారే, పెగిలి ఇదా చెప్పేది!" అని గిన్నె విసిరింది. అంతలో మార్లిస్ మా మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"కార్లిస్, నువ్వు రాకపోతే నేను బిడ్డ తండ్రివాళ్ళ గుమ్మం తొక్కను. కానీ వాళ్ళకి ఇప్పుడే తెలియాలి. వద్దంటే ఇప్పుడే అననీ."

"వాళ్ళు వద్దంటే? మీకు బిడ్డ ఉండదు."

"ఉండదు" అంది మార్లిస్. "ఇంకా ఎత్తుకోలేదు కదా. ఓర్చుకోగలను."

ముగ్గురం వెళ్ళాం. కోల్టన్ తల్లి నేడీన్‌కి రేవు దగ్గర చేపలు పట్టే ఎరల కొట్టు. ఒకే ఫ్రిజ్‌లో పై అరలో సోడాలు, కింద డబ్బాల్లో వానపాములు. అక్క కడుపు చూశాక ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అయితే నా మనవణ్ణి చెప్పాపెట్టకుండా ఇచ్చేద్దామనుకున్నారా?"

"చెప్పడానికే వచ్చాం" అంది మార్లిస్.

"నేను కుదరదంటే?"

నేడీన్ కిటికీలోంచి మార్లిస్ బండి వంక చూసింది.

"ఆ సీటెవరిది?"

"ఎవరిదీ కాదు. ఆరేళ్ళ నుంచీ."

నేడీన్ ఫ్రిజ్ తెరిచి అక్క చేతికొక సోడా ఇచ్చింది. "కూర్చో ముందు. ఆ పాదాలు చూడు, బూరెల్లా పొంగాయి." మా వాడు పన్నెండో తారీకుకి పడవ దిగుతాడు, వాడినడగండి అంది. బిడ్డని తను చూడాలంది. ఒక్కసారి కాదు, నెల నెలా.

"తెస్తాను" అంది మార్లిస్. సరే అని మాత్రం నేడీన్ అనలేదు.

పన్నెండున కోల్టన్ మా వరండాలో టోపీ నలుపుతూ గంటసేపు కూర్చుని, బిడ్డ పుట్టాక తన సంతకం పెడతానన్నాడు. అక్టోబరులో ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. కోల్టన్ చెప్పినట్టే రెండో రోజు సంస్థకి వెళ్ళి సంతకం పెట్టాడు. ఆ మూడు రోజులూ మార్లిస్ బస్సు పని కాగానే వచ్చి ఆసుపత్రి ముందు బండిలోనే కూర్చునేది. అక్క కబురు పెడితేనే పైకి వచ్చేది. బిడ్డని ఇవ్వబోతే, "ఇంకాసేపు నువ్వే ఎత్తుకో" అనేది. కిటికీలోంచి చూస్తే ముందు సీట్లో ఆమె తల, వెనక ఆ ఖాళీ సీటు కనిపించేవి.

మూడో రోజు మధ్యాహ్నం సంస్థ మనిషి కాగితాలు తీసింది. మార్లిస్ గోడ పక్కన నిలబడి ఉంది. అప్పుడు ఎవరో తలుపు తోశారు.

నేడీన్.

మార్లిస్ తలుపుకి అడ్డంగా వెళ్ళలేదు. గోడకి ఇంకొంచెం జరిగి దారి ఇచ్చింది. నేడీన్ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆమె బిడ్డని ఎత్తుకుని, చెవులు చూసి, "యోకమ్ చెవులే, పాపం" అంది. మళ్ళీ అక్క ఒళ్ళోనే పెట్టి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది.

అక్క సంతకం పెట్టింది. బిడ్డని తనే లేచి మార్లిస్ చేతుల్లో పెట్టింది.

సంచీ పట్టుకుని నేను కూడా దిగాను. మార్లిస్ బిడ్డని సీట్లో పెట్టి పట్టీ మూడుసార్లు లాగి చూసింది. రాయిస్‌ని బిడ్డ పక్కన కూర్చోబెట్టి, తను మళ్ళీ మెట్లెక్కి పైకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళి గుమ్మం బయట ఆగాను. మార్లిస్ అక్క మంచం మీద, ఇందాక బిడ్డ పడుకున్న చోట, అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

ఇప్పుడు మార్చి. అక్క పనికి వెళ్తోంది. నడుస్తూ నడుస్తూ ఆగి, ఏదో ఏడుపు విన్నట్టు తల తిప్పుతుంది. నేను షెడ్డు నుంచి ఇంటికి రాగానే రోజూ ఒకటే అడుగుతుంది.

"ఇవాళ మార్లిస్ చివరిదాకా నడిచిందా?"

"నడిచింది."

"ప్రతి సీటూ చూసిందా?"

"చూసిందక్కా."

అప్పుడు తింటుంది.