ఏ మందిచ్చానో చెప్పిన ఉదయం

సహోదరీ సహోదరులారా, ఈ ఉదయం నన్ను మీ ముందు నిలబెట్టిన దేవునికే మహిమ! కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను, నా పేరు కరుణ, ఇక్కడే ఐర్లండ్‌లో, నేవన్ ఊళ్లో ఉంటాం, ముసలివాళ్ల నర్సింగ్ హోంలో నర్సును. అదిగో, రెండో వరుసలో కూర్చుని, ఈవిడ ఇప్పుడు నా గురించి ఏం చెబుతుందో అని నేల చూపులు చూస్తున్నారే, ఆయనే మావారు ఇమ్మానుయేలు. పోయిన చలికాలం ఆయన చచ్చిపోవలసిన మనిషి. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు చెబుతాను, వినండి.

వెనకవైపు తోటలో కంచె మొక్కలు కత్తిరిస్తుంటే ఆయన పిక్కలో ముల్లు దిగింది. మావారు బస్సు డ్రైవరు, ఈ దేశం వచ్చాక నేర్చుకున్న మొదటి మాట ‘గ్రాండ్’, అంటే బాగానే ఉన్నానని, ఎలా ఉందండీ అంటే గ్రాండ్, కాలు వాచింది కదండీ అంటే గ్రాండ్! మూడో రోజుకు పిక్క ఎర్రబడి, చెయ్యి పెడితే కాలిపోతోంది, జ్వరం కూడా వచ్చింది. జీపీ, అదే మన ఫ్యామిలీ డాక్టరు, దగ్గర అపాయింట్‌మెంట్ దొరికేలోపు జ్వరమే విసుగెత్తి వెళ్లిపోతుందని మనలో మనం నవ్వుకుంటాం కదా, నేనూ అలాగే అనుకుని వంటింట్లో అలమర, ఇక్కడివాళ్లు ప్రెస్ అంటారే, దాని తలుపు తెరిచాను. ఆ ప్రెస్ సంగతి మీకందరికీ తెలుసు. గుంటూరు నుంచి ఎవరొచ్చినా సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన నాకోసం మందులు తెస్తారు, బిస్కెట్ల డబ్బా నిండా యాంటీబయాటిక్సే, ఈ సంఘంలో ఎవరికి గొంతు నొప్పి వచ్చినా “సిస్టర్, ఏమన్నా ఉన్నాయా?” అని నాకే ఫోను. ఆ డబ్బాలో ఎవరో సగం వాడి వదిలేసిన స్ట్రిప్పు ఒకటి కనిపించింది. ఐదు మాత్రలున్నాయి, ఇచ్చాను. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే అనిపించింది, నా వైద్యం చూశారా అని ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఆరో రోజు పొద్దున ఆయనకు వణుకు పట్టుకుంది. మంచం కదిలిపోయేంత వణుకు! చేతులు చల్లబడ్డాయి, మాట ముద్దముద్దగా వస్తోంది, ముందు రోజు నుంచి ఒంటేలుకు వెళ్లనే లేదు, అయినా నేను పిలిస్తే ఆ ముద్ద మాటతోనే గ్రాండ్ అంటున్నారు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే, ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా అని నన్ను అడిగారు. పారాసెటమాల్ తప్ప ఏమీ లేదని చెప్పాను. నర్సునై ఉండి, ఊరి నుంచి తెచ్చిన మందు చీటీ లేకుండా ఇచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను, నా ఉద్యోగం ఏమవుతుంది అని భయం. అప్పటికి అది చిన్న అబద్ధమనే అనుకున్నాను.

సెప్సిస్ అన్నారు. అంటే కాలిలోని ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా ఎదురు తిరిగి, తనను తానే పాడుచేసుకోవడం మొదలుపెట్టిందన్నమాట. ఐసీయూలో పెట్టారు. మర్నాటికి సూదులు గుచ్చిన ప్రతిచోటా రక్తం ఊరుతోంది, చిగుళ్ల నుంచి కారుతోంది, తొడల మీద ఊదారంగు మచ్చలు, కాలివేళ్లేమో నల్లబడుతున్నాయి. అక్కడ మన వరంగల్ అమ్మాయి ఉంది, డాక్టర్ శ్రావణి, నన్ను పక్కన కూర్చోబెట్టి, “అక్కా, రక్తం గడ్డ కట్టొద్దన్న చోట కడుతున్నది, కట్టాల్సిన చోట కడ్తలేదు. ప్లేట్‌లెట్లన్నీ ఆ చిన్న చిన్న గడ్డలల్లనే ఖర్చయిపోతున్నయి, గందుకే బయట ఆగకుంట కారుతున్నది. ఇట్లయితే చానామంది వెనకకు రారు. నీకు అబద్ధం చెప్ప” అంది. ప్లేట్‌లెట్లు వేల లెక్కన నూట యాభైకి పైన ఉండాలి, ఆయనకు పద్దెనిమిది. ఆ అమ్మాయి నాకు అబద్ధం చెప్పనంటోంది, నేనేమో ఆసుపత్రిలో చెప్పిన అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తలూపుతున్నాను!

మీరందరూ ఉపవాసముండి ప్రార్థించారు, ఆ రుణం నేను తీర్చుకోలేను. నేను కూడా బంధువుల కోసం ఉంచిన గదిలో మోకాళ్ల మీద పడి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాను. “ప్రభువా, నా భర్త మీదికి శత్రువైన సాతాను తెచ్చిన ఈ రోగాన్ని గద్దించు, శత్రువు చేసిన పనిని లయపరచు” అంటూనే ఉన్నాను, నాలుక అక్కడే ఆగిపోయింది. ఏ శత్రువు? ఏ పని? మాత్ర అరచేతిలో పెట్టి మంచినీళ్లిచ్చింది ఎవరు? ఏ దర్శనమూ కలగలేదు, ఏ స్వరమూ వినిపించలేదు, కానీ నా నోట్లోంచి ఇంకో ముక్క ప్రార్థన రాలేదు సహోదరులారా! నా ఉద్యోగం పోతే పోనీ, నా మనిషి ఉంటే చాలు అని ఏడ్చాను. “అయ్యా, నేనే ఇచ్చాను, నేనే దాచాను, క్షమించు, వెళ్లి చెప్పే ధైర్యం ఇవ్వు” అన్నాను. అంతే, అదే నా ప్రార్థన. లేచి వెళ్లాను.

శ్రావణికి చెప్పాను, మందు పేరు, ఎన్ని మాత్రలు, ఏ రోజు మొదలుపెట్టానో అన్నీ. తిడుతుందనుకున్నాను. “ముందుగాల చెప్తే మంచిగుండు అక్కా. ఇప్పుడన్న చెప్పినవ్” అని పరుగులాంటి నడకతో పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్లింది. అరకొర మందు వల్లనే రక్తపరీక్షలో క్రిమి దొరకడం లేదేమో, ఉన్న క్రిమి ఆ జాతి మందులకు లొంగనిదేమో అని అప్పటికప్పుడు యాంటీబయాటిక్ మార్చారు. పైకి తగ్గినట్టు కనిపించిన పిక్కను మళ్లీ స్కాన్ చేస్తే లోపల లోతుగా చీము ఉంది! ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఎక్కించి, పిక్క కోసి ఆ చీమంతా తీశారు. ముక్కూ మొహం తెలియని ఐరిష్ వాళ్ల రక్తం ఈ రోజు మావారి ఒంట్లో తిరుగుతోంది, వాళ్లను దేవుడు చల్లగా చూడాలి.

రెండు రోజులు ప్లేట్‌లెట్ల లెక్కలో కదలిక లేదు. మూడో పొద్దున ముప్పై ఒకటి అన్నారు, తర్వాత యాభై నాలుగు, ఆ తర్వాత రక్తం కారడం ఆగింది. దేవునికే మహిమ! రెండు కాలివేళ్లు పోయాయి, అది కూడా చెప్పాలి, దేవుడు పూర్తిగా బాగుచేశాడని గొప్పకు చెప్పి మళ్లీ ఇంకో అబద్ధం మోయలేను. నా ఉద్యోగం సంగతంటారా, మేనేజరుకు నేనే చెప్పుకున్నాను, గట్టిగా చీవాట్లు తిన్నాను, ఉంచారు. దేవుడు బాగుచేశాడా, డాక్టర్లా అని కొందరు నన్నడుగుతారు. నిజం చెప్పడానికి నన్ను లేపినవాడు ఆయన, ఆ నిజం పట్టుకుని పనిచేసినవాళ్లు వాళ్లు, నాకు ఇందులో తగవేమీ కనిపించదు.

ఇక ఒక్కటే మిగిలింది, మావారికి చెప్పడం. ఊపిరి కోసం నోట్లో పెట్టిన గొట్టం తీసి మాట వచ్చిన నాలుగో రోజున, మంచం పక్కన నిలబడి, “ఏవండీ, ఆ మాత్రలు పాతవి, అరకొరవి, నావల్లే మీకింత అయింది” అని ఏడుస్తూ చెప్పాను. ఆయన, “నాకు తెలుసులేవే. స్ట్రిప్పు మీద తారీఖు చూశాను, అయిపోయి ఏడాది దాటింది” అన్నారు. మరి ఎందుకు మింగారండీ అని అరిచినంత పని చేశాను. “నువ్విచ్చావు కదా” అన్నారు, అంతే.

సహోదరులారా, ఆ మాట నాకింకా మింగుడు పడలేదు. మీలో ఎవరైనా దేవుని దగ్గర, డాక్టరు దగ్గర, ఇంట్లోవాళ్ల దగ్గర ఏదైనా దాచుకుని ఉంటే, ఈ రోజే చెప్పేయండి, దేవుణ్ణి నమ్మి చెప్పేయండి. తప్పు చేసిన ఈ చేతిని నమ్మి ఒక మనిషి తెలిసి తెలిసీ విషం మింగాడు, ఏనాడూ తప్పు చేయని ఆ దేవుని చేతిని నమ్మడానికి మనకు ఇంకా ఆలోచనెందుకు?