మామా వేషం కట్టిన నరసాయమ్మ

నరసాయమ్మ బహ్రెయిన్‌లో, హూరా అనే పేటలో ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషి. నేను అదే ఇంటి డ్రైవర్ని, పేరు వీరబాబు. ఇద్దరిదీ గోదావరి జిల్లానే కాబట్టి నన్ను తిట్టే హక్కు తనదేనని ఆవిడ తీర్మానించేసుకుంది. తొంభై ఆరులో ఆవిడ కూతురు పద్మజకు నెలలు నిండుతున్నాయి. తొలి పురుడు తల్లి పోయకపోతే ఇంకెవరు పోస్తారు? సెలవడిగిన ప్రతిసారీ ఇంటి యజమానురాలు, అక్కడి పద్ధతిలో మేము మామా, అంటే అమ్మా, అని పిలిచే ఆవిడ, "పండగ వెళ్ళనీ" అనేది. నరసాయమ్మ పాస్‌పోర్టేమో మామా బీరువాలో ఉంది. ఆ ఇంట్లో పండగలకేం కరువు?

అప్పుడు దిగింది ఎలేనా, స్పెయిన్ నుంచి, మామాకి అతిథిగా. పాతికేళ్ళుగా సినిమాలు తీస్తోందట, అన్నీ అసలు రూపం దాచుకుని బతికేవాళ్ళ మీదే. ఒక సినిమాలో పగలు బస్సు నడిపి సాయంత్రం ఆడవేషంలో పాడేవాడు, ఇంకోదాంట్లో పేరు మార్చుకుని ఊరొదిలిన సన్యాసిని. ఎలేనా ప్రశ్నలు వేయదు. ఇంకొకరి బట్టలిచ్చి, కాసేపు వాళ్ళలా ఉండమంటుంది. అసలు మనిషి అప్పుడే బయటికొస్తాడని ఆవిడ నమ్మకం.

ఈ సంగతి చెబితే నరసాయమ్మ మూతి తిప్పింది.

"ఓస్, ఇంతేనా? మా నాన్న పగటివేషాలు కట్టేవోడు. మునసబు వేషం కట్టి మునసబు గుమ్మంలోకే ఎల్లేవోడు. ఏషం బాగుంటే అడిగింది ఇయ్యాల్సిందే. అదీ ఆనవాయితీ."

ఆ ఆనవాయితీని నాకొచ్చిన ఇంగ్లీషులో ఎలేనా చెవిన వేశాను. నరసాయమ్మ చేత మామా వేషమే కట్టిద్దామని, బాగుంటే అడిగింది ఇవ్వాలని ఆవిడ మామాకి చెప్పింది. అతిథిని చూడవచ్చిన చుట్టాలంతా వింటున్నారు కదా, మామా దర్జాగా సరేనంది.

మర్నాడు హాల్లో కెమెరా పెట్టారు. మామా పట్టు గౌను తొడుక్కుని వచ్చింది నరసాయమ్మ. సోఫాలో కూలబడి, చాయ్ నోట పెట్టకుండానే చక్కెర తక్కువంది. ఫోన్లో అక్కతో ఒళ్ళు బాగాలేదని మూలిగి, ఫోన్ పెట్టగానే "యల్లా, బజారుకి కారు తియ్" అంది. గుమ్మంలో ఉన్న నేను నిజంగానే తాళాలు అందుకున్నాను. చుట్టాలు పడీపడీ నవ్వారు. మామా నవ్వలేదు. ఖలాస్, ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయనుకున్నాను.

"నేనిలాగే ఉంటానా?" అంది మామా. చుట్టాలు కప్పుల్లోకి చూసుకున్నారు. వాళ్ళ మొహాలు చూసి మామాకే నవ్వు ఆగలేదు. ఏం కావాలో అడగమంటూ చేతి గాజు తీయబోయింది.

నరసాయమ్మ వద్దంది.

"నా కూతురికి పురుడు మామా. నన్ను పంపు," అంది అరబీలో, ఏడుస్తూ.

మామా లేచి వెళ్ళి, బీరువా తెరిచి పాస్‌పోర్టు తెచ్చింది. నరసాయమ్మ దాన్ని రెండు చేతులా అందుకుని, ఆవిడకి వంగి దండం పెడుతూనే, నాతో తెలుగులో అంది:

"ఒరే వీరబాబూ, టిక్కెట్ల ఆఫీసుకి బండి తియ్యరా. ఈవిడ మళ్ళీ మామా అయిపోకముందే!"